కాళ్ళు కడిగే తాంబాళం

మా చిన్నప్పుడు... బల్ల ఆదివారం వచ్చిందంటే మా తాత అందరికంటే ముందే లేచి ఇత్తడి తాంబాళం తోమేవాడు. చింతపండు, బూడిద వేసి తళతళలాడేలా తోమి, నిండా నీళ్ళు పోసి, భుజాన తుండుగుడ్డతో వీధి అరుగు మీద కూర్చునేవాడు. చర్చి గంట కొట్టేవరకూ అలాగే... వీధి వైపు చూస్తూ.

"ఏటి మామా, పెళ్ళికొడుకెవరైనా వత్తన్నాడేటి? కాళ్ళు కడగడానికి కూకున్నావు" అని ఎదురింటి అప్పలనర్సమ్మ పిన్ని ఆటపట్టించేది.

"వస్తడు బిడ్డా, వస్తడు" అనేవాడు తాత. రాడని ఆవిడకీ తెలుసు, తాతకీ తెలుసు.

పొద్దుటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను...

మా తాత యాకోబు, మా నాయనమ్మ, ఆమె తమ్ముడు దేవదానం... ముగ్గురూ పాలమూరు నుంచి కాలువ తవ్వే పనికి వచ్చి అనకాపల్లిలోనే ఉండిపోయారు. దేవదానాన్ని మేం చిన్నతాత అనేవాళ్ళం. వాళ్ళు మెన్నోనైట్లు, క్రైస్తవుల్లోనే ఒక శాఖ. ఆ పేరు మా బడిలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. వాళ్ళ పెద్దలకు బాప్తిస్మం ఇచ్చిన మిషనరీ దొరలు కూడా వలస వచ్చినవాళ్ళేనట. యుద్ధం చేయమంటే మేం చేయం అని దేశాలే విడిచిపెట్టి పోయిన మనుషులని తాత గొప్పగా చెప్పేవాడు.

వాళ్ళ పద్ధతులే వేరు. ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. ఒట్టు పెట్టకూడదు. బల్ల తీసుకునే ముందు, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం ముట్టే ముందు, ఒకరి కాళ్ళు ఒకరు కడగాలి. మగవాళ్ళవి మగవాళ్ళు, ఆడవాళ్ళవి ఆడవాళ్ళు. మనసులో కోపం పెట్టుకుని బల్ల ముట్టకూడదు.

మేం వెళ్ళే ఊరి చర్చిలో ఈ ఆచారం లేదు. మా నాన్నేమో ఇదంతా పాతకాలమని తప్పించుకునేవాడు. అందుకని బావా బావమరుదులిద్దరే మా అరుగు మీద కానిచ్చేవారు. ఆ ఇద్దరికీ చెడితే ఇంకెవరున్నారు? చెడింది.

ఇద్దరూ బెల్లం మార్కెట్లో కళాసీలు, మోత పని. ఒకరోజు తాత భుజం మీంచి బెల్లం దిమ్మ జారి పగిలింది. లారీ డ్రైవరు తాతను నానా బూతులూ తిట్టాడు. తాత తల వంచుకుని ముక్కలు ఏరుతున్నాడు. చిన్నతాత మాత్రం ఆగలేదు... డ్రైవరు చెంప పగలగొట్టాడు. అక్కడితో పోతే బాగుండేది. తాత లేచి, మార్కెట్టంతా చూస్తుండగా ఆ డ్రైవరు కాళ్ళు పట్టుకుని "మావోడు తప్పు జేసిండు బిడ్డా, క్షమించు" అన్నాడు.

ఆ సాయంత్రం చిన్నతాత మా గుమ్మం బయటే నిలబడ్డాడు. "నీ కోసమే గదా బావా కొట్టిన. నన్ను అందర్ల తల దించుకునేటట్టు జేస్తివి."

"నా పేరు మీద చెయ్యెత్తితివి. అది నేనెట్ల మొయ్యాలెరా?" అన్నాడు తాత.

అంతే. మాటలు పోయాయి. నాకైతే చిన్నతాతే హీరో. తాత మీద ఒళ్ళు మండిపోయేది. ఎవరిది తప్పో ఇప్పటికీ తేల్చుకోలేను...

చర్చిలో ఇద్దరూ ఆఖరి బెంచీలోనే కూర్చునేవారు, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. రొట్టె పళ్ళెం వస్తే ఇద్దరూ ముట్టకుండా పక్కవాళ్ళకి అందించేసేవారు. పాస్టరుగారు బతిమాలి బతిమాలి ఊరుకున్నారు. తాత మాత్రం తాంబాళం తోమడం మానలేదు.

ఒకరోజు తాత నిద్రలోనే పోయాడు. ఆఖరి స్నానానికి నీళ్ళు కాగుతుంటే చిన్నతాత జనంలోంచి తోసుకుంటూ వచ్చి "అక్కా, తాంబాళం ఏది?" అన్నాడు. తాత కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, పగిలిన మడమలూ వేళ్ళ సందులూ మెల్లగా రుద్ది కడిగాడు. తుండుతో తుడిచాడు. కానీ లేవలేదు. తన కాళ్ళకేసి చూసుకుంటూ "నాయి ఎవరు గడుగుతరు బావా ఇగ..." అన్నాడు.

ఏడుస్తున్న నాయనమ్మ లేచింది. మగవాళ్ళవి మగవాళ్ళే కడగాలని ఆమెకు తెలియక కాదు. ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి, తమ్ముడి ముందు చతికిలబడింది.

"ఇటు పెట్టు కాళ్ళు. మీ బావ ఇన్నాళ్ళు నీళ్ళు పోసి పెట్టిండు. ఒట్టిగ పోనిస్తనా?" అంది.

ఇప్పుడు ముగ్గురూ సమాధుల తోటలో పక్కపక్కనే ఉన్నారు. నాకు తెలిసి ఈ ఊళ్ళో మెన్నోనైట్లంటే ఇక వాళ్ళే.

వాళ్ళ సమాధుల దగ్గరే నాకూ అన్నయ్యకీ చెడింది. ఈస్టరుకి గ్రానైట్ వేయిద్దామన్నాడు అన్నయ్య. "సున్నం వేస్తేనే ఆడంబరం అనేవాడు తాత, గ్రానైటేటి?" అన్నాను. "నీకేనేటి తాత? నాకు కాదేటి?" అన్నాడు. మాట మీద మాట పెరిగింది... అప్పటి నుంచి మాటల్లేవు. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం ఇద్దరం ఒకే ఫార్వర్డుకి దండాలు పెడుతుంటాం.

రేపు బల్ల ఆదివారం. ఇల్లంతా తిరుగుతున్నాను, పాలు పొంగిపోయినా చూసుకోలేదు. చివరికి అటక మీంచి తాంబాళం దించి తోమేశాను.

అలిగినవాళ్ళని కలపడానికి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏం చేసేవారో రాయండి... ఇప్పుడైతే బ్లాక్ చేసి ఊరుకుంటున్నాం.

అన్నయ్యా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. తాతలా వీధి వైపు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. తాంబాళం సంచిలో పెట్టేశాను. రేపు సబ్బవరం మొదటి బస్సుకి మీ ఇంటికి వస్తున్నాను... కాళ్ళు కడుక్కోకుండా ఉండు.