ఎస్తేరమ్మకు ఇచ్చిన నిద్ర

ఇన్నేళ్ళూ ఈ బరువు నాకు నాలుక మీదే ఉన్నట్టుండేది. గుండెలో ఉంటుందంటారు అందరూ. నాకలా కాదు. ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడబోతే చాలు, అడ్డం పడేది. భర్తకు చెప్పలేదు. మంచంలో ఉన్న మా నాయన చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నా ముఖం మీరు చూడలేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు రాయను. ఆ పాటి పిరికితనం నాలో ఇంకా మిగిలి ఉంది. ఆమె పేరు మాత్రం రాస్తాను. ఎస్తేరమ్మ.

మాది తాండూరు. స్టేషను నుంచి బజారుకు వచ్చే దారిలో మా నాయనకు మూలికల అంగడి ఉండేది. అనంతగిరి గుట్టల నుంచి వేళ్ళూ గడ్డలూ తెచ్చేవాళ్ళు. ఆయనకు పేరు తెచ్చింది నిద్రమందు. పెన్నేరు గడ్డను, అంటే అశ్వగంధ వేరును, పాలలో ఉడికించి, నీడలో ఆరబెట్టి, దంచి, గుడ్డలో జల్లించి పొట్లాలు కట్టేవాడు. నిద్ర పట్టనివాళ్ళకూ, దిగులుతో చిక్కిపోయినవాళ్ళకూ, వయసు మీదపడి ఒళ్ళు సడలినవాళ్ళకూ అదే పొడి. “ఇది నిద్ర తెచ్చేది కాదు బిడ్డా. నిద్రకు అడ్డమొచ్చిన దాన్ని మెల్లగ జరుపుతది. మనం ఓపిక పట్టాలె” అనేవాడు.

ఆయన కళ్ళకు పొర కమ్మింది. నేనొక్కతే సంతానం. ధారూరు దగ్గరి పల్లెలో అత్తవారింట ఉన్నదాన్ని, భర్తనూ బిడ్డనూ వెంటబెట్టుకుని తాండూరు వచ్చేశాను. భర్త నాపరాళ్ళ గనిలో పనికి కుదిరాడు. అంగడి నా చేతికి వచ్చింది. మందు అదే, పాళ్ళు అవే. అయినా వచ్చినవాళ్ళు నా వైపు చూసి, లోపల కూర్చున్న మా నాయన వైపు చూసి గొణుక్కునేవాళ్ళు. ముసలాయన చేతి గుణం కూతురికి రాలేదని. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది. ఎంత గుచ్చుకునేదో అప్పుడు తెలియలేదు.

ఎస్తేరమ్మ మా అత్తగారి ఊరి మంత్రసాని. నా కూతురు పుట్టేటప్పుడు కాళ్ళు ముందుగా వచ్చాయి. ఇంట్లో అందరూ ఏడుపు మొదలుపెట్టారు. ఎస్తేరమ్మ ఒక్కతే ఏడవలేదు. నా ముఖానికి దగ్గరగా ముఖం పెట్టి “నన్నే చూడు బిడ్డా, ఇంకెటూ చూడకు” అన్నది. చూశాను. నేను బతికాను, నా బిడ్డ బతికింది. మా అత్తగారింట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. పని అయ్యాక ఇంటి బయటే అన్నం పెట్టేవాళ్ళు. నేను మాత్రం అవ్వా అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, నేనామెకు ఇచ్చిన గౌరవం ఆ ఒక్క మాటే.

ఆమె భర్త రైలు పట్టాల మీద గ్యాంగు కూలీ. రజాకార్ల కాలంలో, పోలీసు యాక్షన్‌కు కొంచెం ముందు, పొద్దున పనికి పోయినవాడు తిరిగి రాలేదు. చంపారో, ఎక్కడికైనా పారిపోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. శవం కూడా దొరకలేదు. అప్పటి నుంచీ ఆమెకు నిద్ర లేదు. ధారూరు స్టేషనులో బండి ఆగిన చప్పుడైతే లేచి కూర్చునేది. ఏళ్ళు గడిచినా అంతే. జుట్టంతా తెల్లబడింది, ముఖం ముడతలు పడింది. నాకంటే కొంచెమే పెద్దదైన మనిషి మా అమ్మ ఈడుదానిలా కనిపించేది. ఈమధ్య ఒక డాక్టరమ్మ చెప్పింది, భయపడ్డప్పుడు మన ఒంట్లో ఏదో రసం ఊరుతుందట. భయం తీరకపోతే అది ఊరుతూనే ఉండి మనిషిని లోపలి నుంచి ముసలిని చేస్తుందట. ఆ మాట వినగానే నాకు ఎస్తేరమ్మ కళ్ళే గుర్తుకొచ్చాయి.

ఆమె రైలెక్కి మా అంగడికి వచ్చింది. మా నాయన చెప్పినట్టే పెన్నేరు పొడి ఇచ్చాను. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. గుణం లేదు. ఇంకొన్నాళ్ళు వాడమన్నాను. వాడి మళ్ళీ వచ్చింది. గడప బయట కూర్చుని, “నీ మందు మంచిదే బిడ్డా, నా రాతనే మంచిది కాదు” అని నవ్వింది.

అంగడి వెనక గదిలో ఒక రేకు డబ్బా ఉండేది. నిజాం కాలంలో ఆబ్కారీ దుకాణంలో కొన్న నల్లమందు. నెత్తురు విరేచనాలకు, అదీ తప్పనిసరైతేనే, మా నాయన ఆవగింజంత వాడేవాడు. నన్ను ముట్టుకోవద్దనేవాడు. ఆ రోజు ముట్టుకున్నాను. ఆమె పొడిలో కలిపి నూరాను.

ఎందుకు కలిపాను? ఈ మాట నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. నా ప్రాణం నిలబెట్టిన మనిషి కంటినిండా నిద్రపోతే చూడాలనుకున్నాను, అది నిజం. నా చేతి మందు పనిచేసిందని నలుగురూ అనాలనుకున్నాను, అదీ నిజమే. ఏది ముందు, ఏది వెనక? ఒకప్పుడు ప్రేమతోనే కలిపానని నాకు నేను చెప్పుకునేదాన్ని. ప్రేమే అయితే ఆమెకు చెప్పి కలిపి ఉండేదాన్ని కదా.

ఆ తరువాత వచ్చినప్పుడు ఆమె ముఖమే వేరు. “ఎన్నేండ్లకు బిడ్డా! తెల్లారినంక లేచిన!” అని నా తల నిమిరి మెటికలు విరిచింది. ఊరంతా చెప్పింది. మర్పల్లి నుంచి, కొడంగల్ నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళకు ఉత్త పెన్నేరు పొడే ఇచ్చాను. విచిత్రం, పేరు విని వచ్చినవాళ్ళలో చాలామందికి అదే పనిచేసింది. ఒక ముసలాయనైతే తనకు వయసు వెనక్కి మళ్ళిందన్నాడు. నేను నవ్వాను. ఆ రోజుల్లో నేను చాలా నవ్వేదాన్ని.

ఎస్తేరమ్మకు మాత్రం డబ్బాలోదే. ఆపుదామనే అనుకున్నాను. కానీ పాత పాళ్ళకు ఆమెకు నిద్ర రాలేదు, కొంచెం పెంచాను. పొడి అయిపోకముందే రావడం మొదలుపెట్టింది. మందు పడకపోతే ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళు విరగ్గొట్టినట్టు నొప్పులు. అందుకని పగలు కూడా ఒక చిటికెడు వేసుకుంటున్నానని చెప్పింది. నాకు అర్థమైంది. అర్థమయ్యీ పొట్లం కట్టి ఇచ్చాను.

ఆ వానాకాలంలో మా అత్తగారి ఊళ్ళో అనసూయ అనే పిల్లకు నొప్పులొచ్చాయి. భూములున్నవాళ్ళ కోడలు, తొలిచూలు. పగటి పూటే ఎస్తేరమ్మ కోసం మనిషిని పంపారు. తలుపు కొడితే పలకలేదట. లోపలికి పోయి కుదిపితే లేచిందట, కానీ కాళ్ళు నిలవలేదు. రెక్క పట్టుకుని తీసుకుపోయారు. బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. తల్లికి నెత్తురు ఆగలేదు. మామూలుగా అయితే ఎస్తేరమ్మ కంటికి అది ముందుగానే ఆనేది. ఆ రోజు గోడకు ఆనుకుని అలాగే చూస్తూ కూర్చున్నదట. బండి కట్టి వికారాబాదు ఆస్పత్రికి బయలుదేరేసరికి ఆలస్యమైపోయింది. అనసూయ దారిలోనే పోయింది.

తాగి వచ్చిందన్నారు ఊరివాళ్ళు. కల్లు ముంత కూడా ముట్టని మనిషి. ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి. అనసూయ అత్త వీధిలో నిలబడి శాపాలు పెట్టింది. ఆ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఇక ఎస్తేరమ్మను పిలవలేదు.

కొన్నాళ్ళకు ఆమె అంగడికి వచ్చింది. ఆ రోజు గడప బయట కూర్చోలేదు. నిలబడే ఉంది.

“నేను తాగలే బిడ్డా. నీకెరుకేనా?”

“ఎరుకే అవ్వా.”

“మరి నా చేతులెందుకు లేవలే? నెత్తురు పోతుంటె చూస్తనే ఉన్న. చూస్తున్న గని సమజైతలేదు. నీ మందుల వేరేది ఏమన్న ఉన్నదా? ఉంటె జెప్పు. నిన్నేమనను. నేనెందుకు గట్లయిన్నో తెలిస్తె చాలు నాకు.”

లోపల మా నాయన ఉన్నాడు. వింటున్నాడని నాకు తెలుసు. బజారులో మనుషులు తిరుగుతున్నారు. ఒక్క మాట. ఆ మాట చెబితే అంగడి పోతుంది, పేరు పోతుంది, పోలీసులు రావచ్చు. చెబితే ఆమెకు తన మీద నమ్మకం తిరిగి వస్తుంది. ఇవన్నీ నాకు అప్పుడే తోచాయి. తోచలేదని అబద్ధం చెప్పను.

“పెన్నేరు గడ్డ తప్ప ఇంకేం లేదవ్వా” అన్నాను.

ఆమె నన్నే చూసింది. నమ్మింది. అదే నేను భరించలేనిది, ఇట్టే నమ్మింది.

“అయితె నేనే ముసల్దాన్నయిన. నాకే తెల్వాలె గద. పిలిచినా పోకుంటె అయిపోతుండె, ఆ పిల్ల బతుకుతుండె” అని వెళ్ళిపోయింది.

తరువాతి సంత రాకముందే ఆ డబ్బాను కాగ్నా నదిలో పారేశాను. ఎస్తేరమ్మకు ఉత్త పొడి పంపాను. తప్పు దిద్దుకుంటున్నానని అనుకున్నానా? కాదు, ఆనవాళ్ళు చెరిపాను. అలవాటైన ఒంటికి మందు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో మూలికల అంగడి కూతురికి తెలియదా? వణుకు, వాంతులు, విరేచనాలు. మంచాన పడింది. వికారాబాదులో ఉన్న కూతురు వచ్చి తీసుకుపోయింది. గండం గడిచిందని విన్నాను. చూడటానికి పోలేదు. తాండూరు నుంచి వికారాబాదు ఎంత దూరమని? బండ్లు రోజూ పోతూనే ఉన్నాయి.

మా నాయన ఒక్కసారే అడిగాడు, వెనక గదిలో డబ్బా ఏమైందని. తుప్పు పట్టిందని చెప్పాను. ఆయన తల ఆడించాడు. ఆ తరువాత ఎవరికి ఏ పొడి ఇస్తున్నావని నన్ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పోయేదాకా అడగలేదు.

ఎస్తేరమ్మ కొన్నేళ్ళకు వికారాబాదులోనే చనిపోయింది. మట్టి చేసే చోటికి వెళ్ళాను, గేటు దగ్గరే నిలబడ్డాను. ఆమె కూతురు నన్ను చూసి దగ్గరికి వచ్చింది. “మా అమ్మ నిన్ను మస్తు యాది జేసేది అక్కా. ఆ పిల్ల నన్ను నిద్రబుచ్చింది అనేది” అన్నది. ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఇద్దరిదీ ఒకే ఏడుపని చూసినవాళ్ళు అనుకుని ఉంటారు.

మొన్న వానల్లో ఒక పిల్ల తన నాయనమ్మను చెయ్యి పట్టుకుని అంగడికి తీసుకొచ్చింది. నాయనమ్మకు నిద్ర పట్టడం లేదు. ఆ ముసలామెను గుర్తుపట్టాను, అనసూయ అత్త. అంటే ఈ పిల్ల ఆనాడు పుట్టినది. బడికి పోతుందట, చక్కగా మాట్లాడుతుంది. నేను పొడి తూస్తుంటే, తల్లి ఎలా పోయిందో అడగకుండానే చెప్పింది. “మంత్రసాని తాగొచ్చి మా అమ్మను సంపిందంట” అన్నది. ఆ మాటలో కోపం కూడా లేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

అప్పుడైనా చెప్పానా? పొట్లం కట్టాను. పాలలో వేసి పడుకునే ముందు ఇవ్వమన్నాను. వాళ్ళు స్టేషను వైపు వెళ్ళిపోయారు.

నాకు నిద్ర పట్టడం లేదని రాస్తే మీకు నా మీద కొంచెం జాలి కలిగేది. కానీ నాకు నిద్ర బాగానే పడుతుంది. ఇన్నేళ్ళూ పట్టింది. దానికే నాకు భయం వేస్తుంది.

క్షమించమని ఎవరిని అడగాలి? అడగవలసిన ఇద్దరూ లేరు. ఉన్న పిల్లను అడిగే ధైర్యం నాకు ఇంకా రాలేదు, వస్తుందని మాటివ్వను. ఇచ్చిన మాటల విలువ నాకు తెలుసు. కానీ చెప్పవలసినది ఇంతకాలం ఒక్క చోట కూడా లేకుండా పోయింది. ఇక్కడైనా ఉండనీ.

ఎస్తేరమ్మ తాగలేదు. ఆమె చేతులకు ముసలితనం రాలేదు. ఆమెకు తెలియకుండా ఆమె పొడిలో నల్లమందు కలిపింది నేను. అడిగితే లేదన్నది నేను.