చిన్నమ్మ తీయనివ్వని తెర

మా చిన్నమ్మ పోయింది. మహబూబ్‌నగర్ దవాఖానలో, గుండెపోటుతో. పొద్దున్నే చిన్నాయిన ఫోన్ చేసి ఆ మాటొక్కటే చెప్పి పెట్టేశాడు. దినాల నాడు మా వర్క్‌షాపు ఓనరు అందరి ముందు నిలబడి ఆమెను "శాంతమూర్తి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. శాంతమూర్తా? ఆమె కోపానికి షెడ్డు రేకులు అదిరేవి. ఆ కోపమే లేకపోతే మాకు అన్నం పెట్టే రైతుల గతి ఏమయ్యేదో ఆయనకు బాగా తెలుసు.

మేం చేసేది పొలం మోటర్లకు పెట్టే పెట్టెలు. రైతు ఇంటి నుంచి ఫోన్లో ఆన్ అనో ఆఫ్ అనో మెసేజ్ పెడితే, బావి దగ్గరి పెట్టె మోటరును నడుపుతుంది, ఆపుతుంది. ఆ పెట్టెలోని ప్రోగ్రాం రాసేది చిన్నమ్మ. నాకు పని నేర్పిందీ ఆమే.

నేను చేరిన కొత్తలో ఒక పెట్టె, ఆన్ అని పంపినా కదల్లేదు. అందిన మాట కంప్యూటర్ తెర మీద సరిగ్గానే కనపడుతోంది. "అంతా కరెక్టే చిన్నమ్మా, వైరే ఖరాబైంది" అన్నాను. ఆమె వేయించిన పల్లీలు నములుతూ, పొట్టు నా కీబోర్డు మీదే ఊదుతూ నిలబడింది.

"వచ్చిన మాటకు రెండు దిక్కుల గీత వెట్టి సూపియ్యి."

పెట్టాను. మొదటి గీత మాట పక్కనే ఉంది. రెండోది కింది వరుసలోకి జారిపడింది. అంటే మాట చివర కంటికి కనపడని అక్షరమేదో అంటుకుని వస్తోంది. అందుకే పెట్టె దాన్ని గుర్తుపట్టలేదు.

"మగ్గం కాడ మీ తాత ఏం జెప్తుండె? అంచు సూడకుంట బట్ట గురించి మాట్లాడొద్దని. గిదీ గంతే బిడ్డా. వచ్చింది వచ్చినట్టు సూడు. నీ తెలివి తర్వాత సూపియ్యి."

అక్కడితో ఆగలేదు. చివరగా అందిన మాట రైతుకూ కనపడాలని, పెట్టె మీద చిన్న తెర ఉండాలంది. కరెంటు పోయినా వెలిగేలా దానికో బ్యాటరీ కూడా. ఓనరు నవ్వాడు.

"సదువురానోళ్లకు తెర ఎందుకమ్మా? దండుగ ఖర్చు."

"సదువు రాకుంటే పానం లేదా? సిగ్నల్ లేక ఆఫ్ అందదు. కరెంటు పోయి మోటరు సప్పుడు బందైతది. ఆగిందనుకొని చెయ్యి వెడ్తడు. గప్పుడు కరెంటొస్తే? నీ కొడుకును వెట్టమను చెయ్యి!"

టీ గ్లాసు బల్ల మీద కొట్టి మరీ అంది. తెర నిలిచింది.

అదే ఓనరు దినాల భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, గారె కొరుకుతూ, "ఆమె ఉన్నన్ని రోజులు ఇనలే. ఇగ గా తెర తీసేద్దాం" అన్నాడు. ఫోటోకు వేసిన దండ ఇంకా వాడనేలేదు! ఛీ, ఇందుకా ఆ పొగడ్తలు? మనిషిని శాంతమూర్తిని చేసేస్తే, ఆమె దేనికోసం కొట్లాడిందో ఇక ఎవరూ అడగరు.

మరుసటి వారం తెర లేని పెట్టె నా చేతికిచ్చి, పాతది మార్చి రమ్మని ఆత్మకూర్ దగ్గరి పొలానికి పంపాడు. నేను వెళ్లేసరికి కరెంటు లేదు, మోటరు ఆగి ఉంది. ఫోన్లో ఆఫ్ పంపానన్నాడు రైతు. మోటరు దగ్గర వదులైన వైరు బిగించడానికి వంగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన భార్య పెట్టె దగ్గరికి పోయి, తెర మీది దుమ్ము కొంగుతో తుడిచి చూసింది.

"ఆగయ్యా! ఆఫ్ రాలే. ఇంక ఆన్ అనే ఉన్నది. ముట్టకు!"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అంతలోనే కరెంటు వచ్చింది. మోటరు దానంతట అదే గర్రుమంది.

నేను తెచ్చిన పెట్టెను సంచిలోంచి బయటికి తీయలేదు. రైతు తన అరచేతినే చూసుకుంటూ నిలబడ్డాడు. పైపులోంచి నీళ్లు కాళ్ల మీద పడుతున్నా జరగలేదు.