ఒక ఫేజు పోయిన మోటరు

ఆ రోజుల్లో బోర్డు నిండితే పిల్లల బుర్రలూ నిండుతాయని నా నమ్మకం. ప్రొద్దుటూరు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో కొత్తగా చేరి, మూడు ఫేజుల మోటరు మీద మూడు వారాలు సమీకరణాలు రాశాను. (నా దస్తూరికి నేనే మురిసిపోయేవాణ్ణి.) తీరా పరీక్ష పెడితే సగానికి పైగా తప్పారు. మా డిపార్టుమెంటు పెద్దాయన, పిల్లలు చాటుగా ‘సైలెన్సు సారు’ అనుకునే మనిషి, నన్ను పిలిచి, "వారంలో మళ్లీ పెట్టప్పా. అప్పుడూ ఇంతే అయితే సబ్జెక్టు ఇంకొకరికిస్తా" అన్నారు.

మర్నాడు సిగ్గు విడిచి పిల్లల్నే అడిగాను, ఎట్లా చెబితే మీకు ఎక్కుతుందని. కొందరు బొమ్మలు వేయమన్నారు. పులివెందుల చీనీతోట (బత్తాయిల్ని అక్కడ చీనీలంటారు) రైతు కొడుకొకడు వెనక బెంచీలోంచి లేచి, "మా తోటలో ఒక ఫేజు పోతే మోటరు గుయ్యిమంటాది గానీ తిరగదు సార్. అది మీ లెక్కల్లో యాడుందో సూపీండి" అన్నాడు. ఉంది, నా సమీకరణాల్లో నాలుగో వరుసలోనే ఉంది. చూపించడమే నా చేత కాలేదు.

దాంతో బెంచీలు జరిపించి ముగ్గుర్ని చుట్టూ నిలబెట్టాను, మూడు ఫేజులన్నమాట. వాళ్లు వరసగా చెయ్యెత్తుతుంటే, మధ్యలో ఉన్నవాడు ఎత్తిన చేతివైపు తిరగాలి. వాడే రోటరు, అంటే మోటరులో తిరిగే భాగం. రెండు నిమిషాల్లో క్లాసు జాతరైంది. సరిగ్గా అప్పుడే సైలెన్సు సారు తలుపు తోసుకొచ్చారు.

"ఏందప్పా ఇది? క్లాసా, కోలాటమా?"

నేను గబగబా బెంచీలు సర్దబోయాను. చీనీతోట కుర్రాడు మాత్రం, "మీరే మధ్యలోకి రాండి సార్. ఎత్తిన చేతిపక్కకు తిరిగితే సాలు" అన్నాడు. ఏ దేవత పూనిందో, ఆయన వచ్చి నిలబడ్డారు. రెండు చుట్లు బ్రహ్మాండంగా తిరిగారు. అంతలో వాడు (ఇది నేను నేర్పింది కాదు) చేతులెత్తుతున్న వాళ్లలో ఒకమ్మాయికి సైగ చేశాడు. ఆమె కూర్చుంది. మిగిలిన ఇద్దరూ ఇటోసారి అటోసారి చెయ్యెత్తుతుంటే పెద్దాయన ఊగిపోయి, "యాపక్కకు తిరగాలబ్బా నేను?" అని అరిచారు.

"మోటరుకూ అదే తెలీదు సార్! అందుకే గుయ్యిమంటాది. అట్లే ఇడిస్తే కాలిపోతాది!"

సైలెన్సు సారు పగలబడి నవ్వారు. ఆయన పళ్లు చూడడం మాకదే మొదలు. "రేపు నా క్లాసులో గూడా ఆడించప్పా" అన్నారు.

వారం తర్వాత పరీక్షలో ఒక్కడు తప్ప అందరూ గట్టెక్కారు. (ఆ ఒక్కడు మేనమామ పెళ్లికి పోయి పరీక్షకే రాలేదు.) ఆ సాయంత్రం జమ్మలమడుగు బస్సులో, "సీట్లుండాయి గదా, కూర్చోప్పా" అని కండక్టరు మొత్తుకుంటున్నా వినకుండా ఊరు చేరేదాకా నిలబడే వచ్చాను. గెలిచినవాడు కూర్చుంటాడా? ఇప్పుడు బస్సెక్కగానే నా కళ్లు ముందు ఖాళీ సీటునే వెతుకుతాయి. అందులో చేరగిలబడి, కమ్మీ పట్టుకుని రొమ్ము విరుచుకు నిలబడ్డ ఆ కుర్ర పంతులును తలుచుకుని నవ్వుకుంటాను, కాస్త అసూయగానే.