చెల్లెలు అడిగిన వస్తువు

మొన్న మా కోడలు కొత్త చీర కవరు విప్పుతుంటే ఆ కరకర చప్పుడుకి నాకు నవ్వు ఆగలేదు. ఏమిటత్తమ్మా అని అడిగింది గాని చెప్పలేకపోయాను. మీరైతే నా ఈడువాళ్లు, మీకు చెప్పుకోవచ్చు.

ఇరవై ఏళ్లు దాటింది. అప్పుడు నేను గోరిమేడులో పెద్దాసుపత్రికి దగ్గరగా ఉన్న ఒక చిన్న సేవాసంస్థలో కౌన్సిలర్‌ని. కురుచికుప్పం అనే జాలర్ల పేట వీధుల్లో ఆడవాళ్లను కూర్చోబెట్టుకొని, పైకి అనడానికి సిగ్గుపడే సంగతులన్నీ మాట్లాడటమే నా ఉద్యోగం. అక్కడ నన్ను అక్కా అని పిలిచే ఒక చెల్లెలు ఉండేది. కిరుమాంబాక్కంలోని మన తెలుగువాళ్ల పిల్లే. పడవ మీద పనిచేసేవాణ్ణి ఇష్టపడి చేసుకొని చేపల గంప ఎత్తుకుంది. మొగుడు రేవులన్నీ తిరిగొచ్చి ఆమెకు జబ్బు అంటించేవాడు, ఈమె మాత్రలు మింగి నయం చేసుకునేది, అతను మళ్లీ అంటించేవాడు. దానికి సుఖవ్యాధి అని పేరు పెట్టినవాడెవడో గాని, ఆ పిల్ల పడ్డ బాధలో సుఖం నాకెక్కడా కనిపించలేదు. ఇట్లాగే తిరగబెడుతుంటే బిడ్డలు పుట్టడమే కష్టమని పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పేసింది. అతనేమో మందూ మింగడు, కండోమ్ పేరెత్తితే అన్నం కంచం విసిరేస్తాడు.

ఆ రోజుల్లోనే మా సంస్థకు ఆడవాళ్లే తొడుక్కునే కండోమ్ వచ్చింది. ప్రతిసారీ కొత్తది వాడాలి, ఒక్కసారి కూడా మానకూడదు, అట్లా వాడితే చాలా జబ్బుల్ని ఆపుతుంది, పూర్తి భరోసా మాత్రం లేదు అని ఉన్నదున్నట్టు చెప్పి ఇచ్చాను. అతన్ని ఎట్లా ఒప్పించిందో నేనడగలేదు. వారం తిరక్కుండానే వచ్చి కూలబడింది.

"ఏందక్కా ఇది, ఇంత సత్తం చేస్తా ఉండాది! ఎలక దూరిందని మా అత్త కర్ర తీసుకొనింది!"

అందరం కడుపులు పట్టుకొని నవ్వాం. కానీ ఆ చప్పుడుకు జడిసి వాడటం మానేస్తుందేమోనని నాకు లోపల దిగులే. కొన్నాళ్లకు తనే వచ్చి, కొబ్బరినూనె రాశాను, ఇప్పుడు చప్పుడే లేదు అంది. రబ్బరు కండోమ్‌కి నూనె తగిలితే చిరుగుతుందని ఊరందరికీ పాఠం చెప్పేదాన్ని నేనే కదా! పరుగున వెళ్లి అడిగితే, ఇది ఆ రబ్బరు కాదు, నూనెకు చెడదు అని డాక్టరమ్మ నవ్వింది. ఆ తర్వాత చేసిన పరీక్షల్లో చెల్లెలికి జబ్బు ఆనవాలు లేదు. మనవలు ఏరని తల్లి పెట్టే తిట్లు పడలేక చివరికి మొగుడూ వచ్చి మందు మింగాడు. అతనికీ నయమయ్యాక ఆ వస్తువు పక్కన పెట్టారు, కొన్నాళ్లకు వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లను ఎత్తుకున్నప్పుడు నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ పిల్లకే ఇప్పుడు పెళ్లి కుదిరింది, అల్లుడిదీ పడవ పనే. పోయిన వారం చేపలు తూస్తూ చెల్లెలు నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ వస్తువు యాడ దొరుకుతాదక్కా? పాప చేతిలో పెడతా."

చప్పుడు చేయనివి కూడా వచ్చాయని విన్నాను. బజారులోని మందుల షాపులన్నీ తిరిగాను. అట్లాంటిది కూడా ఉంటుందా అని నా నెరిసిన జుట్టు వంక చూశారు. మా సంస్థ మూతపడింది, ఆ వీధిలో మేం కూర్చున్న అరుగు కూడా లేదు. చెల్లెలికి ఏం చెప్పాలో తెలియక ఈ వారం నేను చేపలకు వెళ్లలేదు.