బొగ్గు వ్యాగన్‌లో మిరియాలు

నా పెళ్ళి ఒక గూడ్సు వ్యాగన్ కింద పడి చచ్చిపోయేదే. ఆ వ్యాగన్ పొడవు అగరుబత్తీల పెట్టె అంత.

తొంభైల్లో ఆత్మకూరులో టీచరుగా ఉండేవాణ్ణి. మా స్కూలు పిల్లల్లో చాలామంది రైలు చూడలేదు. ఉదయగిరి రోడ్డున తిరిగేవి లారీలూ బస్సులే. అందుకని స్కూలు ఎగ్జిబిషన్‌కి గూడ్సు బండి చేయబోయాను. అట్టపెట్టెలు, చొక్కా గుండీల చక్రాలు, తుప్పు కోసం ఇటుక పొడి. నెల్లూరు స్టేషన్‌లో నిలబడి చూసి వచ్చాను: బొగ్గు వ్యాగన్‌లో చదునుగా ఉండదు, నడుమ గుట్టగా లేస్తుంది. నా బండికి పెద్ద పలుకు పడితే బండరాయిలా కనబడుతుంది కదా. బొగ్గు నలగ్గొట్టి, పాత చీరగుడ్డలో జల్లించి, గుట్ట పోశాను.

రోజూ పొద్దునకి గుట్ట తరిగేది. పైన వేలి గుంట.

పక్కింటి ప్రసాదు కూడా మా స్కూలు టీచరే. అదే ఎగ్జిబిషన్‌కి అగ్నిపర్వతం చేస్తున్నాడు. నల్లటి అగ్నిపర్వతం.

"నీ కొండకి నలుపు యాడిదిరా?"

"పెనం గీకినాను. ఏంది, నీ రైలు పట్టాలు దిగిందా?"

"బొగ్గు పోతా ఉండాది."

"పోలీస్ స్టేషన్లో చెప్పు. ఎర్రచందనం కేసులు పక్కన పెట్టి నీ పిడికెడు బొగ్గు ఎతుకుతారు."

ఇంత హాయిగా నవ్వేవాడే దొంగ అని తేల్చుకున్నాను. మా ఇంట్లో నేను కాక ఉన్నది అవ్వ ఒక్కతే. ఆమెను అనుమానించలేదు. కారణం మీరే చూస్తారు.

మిరియాలు మెత్తగా దంచి గుట్టలో కలిపాను. తుమ్మినవాడు దొంగ.

ఆ సాయంత్రమే కొండాపురం నుంచి, నాకు అనుకుంటున్న పెళ్ళికూతురి తండ్రి ఇల్లు చూసుకోను వచ్చాడు, రాత్రికి ఉండేట్టుగా. రిటైరైన హెడ్మాస్టరు. ఆ అమ్మాయిని చర్చిలో చూసినప్పటి నుంచి నాకు వేరే ఆలోచన లేదు. ఈయన సరే అనాలి. ఆయన తలుపు గడియను, బావి గిలకను, నన్ను ఒకే అనుమానంతో చూశాడు. చివరికి రైలును చూశాడు.

"బొమ్మలతో ఆడుకుంటావా నాయనా?"

తెల్లవారి పెరట్లో కేక. వెళ్ళేసరికి ఆయన నల్లటి నోటితో నీళ్ళ తొట్టి మీదికి వంగి ఉన్నాడు. పక్కన అవ్వ, చేతిలో నా వ్యాగన్.

"ఏందవ్వా ఇది?"

"పళ్ళపొడి అడిగినాడు, ఇచ్చినాను. ఇంత మెత్తంది అంగట్లో కూడా దొరకదు. నేను రోజూ దీంతోనే గదా తోముకొనేది."

"నీకు పళ్ళు లేవు గదవ్వా."

"చిగుళ్ళు ఉండాయి గదరా."

హెడ్మాస్టరు నాలుక చల్లార్చుకుని నా వైపు తిరిగాడు. "దీంట్లో మిరియాలు కలిపినోడెవుడు?"

"నేనే సార్. దొంగను పట్టుకుందామని."

"పట్టుకుంటివా?"

గోడ మీద నుంచి ప్రసాదు అన్నాడు: "పట్టుకున్నాడు సార్. మిమ్మల్నే."

ఆయన కాఫీ తాగకుండా బస్సెక్కాడు. సంబంధం పోయిందనుకున్నాను. ఆదివారం చర్చి బయట ఆయనే వచ్చి, నన్ను చూడకుండా చెప్పాడు: "మా అమ్మాయి నవ్వీ నవ్వీ, 'అడగ్గానే నిజం చెప్పినాడు గదా నాయనా' అనింది. ఆ తర్వాత నా మాట వినలా."

నిజం చెప్పినందుకు చేసుకుంది గానీ, నమ్మలేదు. కాపురం చేసినన్నాళ్ళూ పొద్దున్నే పళ్ళపొడి డబ్బా నా ముందు పెట్టి, "ముందు నువ్వు" అనేది. నా నోట్లో వేలు ఆడేదాకా తను డబ్బా ముట్టేది కాదు.

పోయినేడాది ఆమె పోయింది. పొద్దున్నే డబ్బా తెరిచి, ఇప్పటికీ ముందు నేనే వేసుకుని, కాసేపు ఆగుతాను. ఆ డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ బొగ్గులో మిరియాలు కలపను. నన్ను అనుమానించే మనిషి ఇంట్లో లేదు.