నీళ్లు తగలని ఆకు

అడ్డసరం ఆకు మీద మా అమ్మ నీటి చుక్క పడనిచ్చేది కాదు. మమ్మల్ని మాత్రం చర్మం ఊడేలా తోమేది. నాయినకు దగ్గు వస్తే ఆకులు కోసి, కొంగుతో తుడిచి, పెనం మీద వాడ్చి, గుడ్డలో పిండి, ఆ పసరులో తేనె కలిపి తాగించేది. "నీళ్లు తగిలితే గుణం పోతది" అనేది. వాళ్లమ్మ నేర్పిన పద్ధతి.

పవర్ ప్లాంటు దారిలో నాయిన సైకిల్ దుకాణం పెట్టాక రాయచూరు వదిలి కృష్ణ ఒడ్డున ఒక ఊరికి మారాం. అమ్మ అడ్డసరం కొమ్మ వెంట తెచ్చి పెరట్లో నాటింది. గాలి మా వైపు తిరిగితే ప్లాంటు బూడిద పడేది. ఆరేసిన బట్టలు దులుపుకుని కట్టుకునేవాళ్లం. నాయిన దగ్గు ముదిరింది. అమ్మ ఇంకా ఎక్కువ ఆకులు కోసేది. ఆమె కొంగు మీద బూడిద చారలు నాకిప్పటికీ కనిపిస్తాయి.

చివరికి రాయచూరులో డాక్టరుకు చూపించాం. ఆయన గోలీలు రాశాడు. ఆకు పసరు ఆపాలా అని అమ్మ భయపడుతూ అడిగింది.

"ఎందుకమ్మా? ఆ ఆకులల్ల వాసిసిన్ అనే మందు ఉంటది, కఫం తెంపుతది. దాన్ని చూసే ఈ గోలీ తయారు చేసిండ్రు."

అమ్మ ముఖం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. చీటీ ఇస్తూ ఆయన మామూలుగా అడిగాడు.

"మంచిగ కడిగే ఇస్తున్నరు గద? మీ దిక్కు బూడిద పడతది."

అమ్మ చీటీ అందుకుని లేచింది. బస్సులో దారంతా కొంగు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

ఆ వానాకాలంలోనే నాయిన పోయాడు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయన్నారు. ఆకు సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మే ఒకసారి అంది: "నా చేత్తోనే తాపిన గద." నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

అప్పటినుంచి అమ్మ రోజూ పొద్దున బిందెతో నీళ్లు తెచ్చి ఆ చెట్టును ఆకు ఆకూ కడిగేది. ఒక్క ఆకూ కోసేది కాదు. పిచ్చి పని అని కసిరేవాణ్ణి.

ఒకసారి జ్వరంతో ఆమె మంచం పట్టింది. ఆకుల మీద బూడిద పేరుకుంది. పొద్దున్నే టీ ఇస్తుంటే నాయిన గదిలోంచి దగ్గు వినిపించింది. ఆ గది ఖాళీగా ఉందని నాకు తెలుసు. అమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే నన్ను చూస్తోంది.

టీ గ్లాసు కింద పెట్టి, బిందె తీసుకుని పెరట్లోకి వెళ్లాను.