ఫోను చదివిన వింత అక్షరాలు

చూపు పోయాక నాకొచ్చే మెసేజీలను ఫోనే చదివి వినిపిస్తోంది. తమిళనాడులోని మా బాగలూరులో చాలామందిలాగే మా అమ్మాయి రాణి చదివిందీ తమిళ బడిలోనే. తెలుగు రాయడం రాక, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపుతుంది.

మొన్న కృష్ణగిరిలో హోసూరు బస్సెక్కాను. దారిలో ఫోను ఉన్నట్టుండి "మేథమేటికల్ బోల్డ్ స్క్రిప్ట్ స్మాల్ ఎన్" అంటూ గొణగసాగింది. ఎవడో దొంగ ఫోన్లోకి దూరాడనుకున్నాను.

"ఏందప్పా అది?" అన్నాడు పక్క సీటాయన. అతని మీదా అనుమానమే. జవాబివ్వకుండా ఫోను ఆపేసి లోపలి జేబులో దాచుకున్నాను.

హోసూరులో దిగగానే ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు.

"దొంగప్పా, పట్టుకోండి" అని అరిచాను. జనం మూగారు.

"నేను నాయనా, రాణిని. బస్టాండుకు వస్తానని మెసేజీ పెట్టినాను కదా. ఫోను ఎందుకు ఆపేసినావు?"

ఆమె పంపిన వంపుల అక్షరాలు నిజానికి లెక్కల్లో వాడే గుర్తులట. ఫోను వాటిని మాటలుగా కలపలేక ఒక్కోదాని పేరూ చదివింది.

"కొత్త కీబోర్డు పెట్టుకున్నాను నాయనా. అక్షరాలు అందంగా వస్తాయని."

"ఎవరు చూసేదానికమ్మా?" అన్నాను.

ఇల్లు చేరేదాకా రాణి నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు మామూలు అక్షరాలే పంపుతోంది. అయినా ఫోను గొంతు విప్పితే నా చెయ్యి మొదట లోపలి జేబు మీదికే పోతుంది.